పాతిక వేల మ్యాట్రిమోనీ ప్యాకేజీ: ఏం ఇచ్చింది, ఏం ఇవ్వలేదు

ముందే చెప్పేస్తున్నా, ఐదుకి రెండున్నర. ఆ అర కూడా కంపెనీకి కాదు, నాతో ఫోన్లో మాట్లాడిన ఆ అమ్మాయి ఓపికకి. కంపెనీ పేరు రాయడం లేదు. ఈ వ్యాపారంలో ఉన్న పెద్ద పేర్లన్నిటి దగ్గరా ప్యాకేజీల తీరు ఇంచుమించు ఇదే కాబట్టి మీరు ఎక్కడ డబ్బు కడదామనుకుంటున్నా ఈ రివ్యూ పనికొస్తుంది.

కొన్నది మా తమ్ముడి కోసం, మూడు నెలల "అసిస్టెడ్" ప్యాకేజీ. జీఎస్టీతో కలిపి పాతిక వేలు దాటింది. మామూలు మెంబర్‌షిప్ అయితే ప్రొఫైళ్ళు మనమే వెతుక్కోవాలి, నంబర్లు మనమే తీసుకుని మాట్లాడుకోవాలి. ఇందులో ఒక రిలేషన్‌షిప్ మేనేజర్‌ని ఇస్తారు, వాళ్ళే అవతలివాళ్ళకి ఫోన్ చేసి, ఇష్టమంటే మనకి కలుపుతారు. అంటే ఊళ్ళో పెళ్ళిళ్ళ పేరయ్య చేసే పనే. కాకపోతే పేరయ్యకి సంబంధం కుదిరాక బట్టలు పెట్టి డబ్బులిచ్చేవాళ్ళు, వీళ్ళకి కుదిరినా కుదరకపోయినా ముందే కట్టాలి. ఈ తేడా చిన్నదిగా కనిపిస్తుంది గానీ, సేవ ఎలా ఉంటుందన్నది సగం దీని మీదే ఆధారపడి ఉంది.

మావాడి సంగతి చెప్పాలి, లేకపోతే మిగతాది అర్థం కాదు. వయసు 33. ఎలక్ట్రికల్ డిప్లొమా. తణుకు దగ్గర ఒక మండల కేంద్రంలో మోటార్ రివైండింగ్, పంపుసెట్ల రిపేరు షాపు, తన దగ్గర ఇద్దరు కుర్రాళ్ళు పనిచేస్తారు. సొంత ఇల్లు, కొంచెం కొబ్బరి తోట. నాట్లప్పుడు మోటార్లు కాలిపోయి రైతులు క్యూ కడతారు, ఆ నెలల్లో అన్నం తినడానికి కూడా టైం ఉండదు. ఏడాది లెక్క చూస్తే హైదరాబాదులో కొత్తగా చేరిన సాఫ్ట్‌వేర్ కుర్రాడి కంటే మిగులు ఎక్కువే. అలవాట్లు లేవు. ఇలాంటి వాడికి సంబంధం కుదరడానికి పాతిక వేల ప్యాకేజీ ఎందుకు అని మా పెద్దమ్మ అడిగింది. రిజిస్టర్ చేసిన వారంలోనే నాకు జవాబు దొరికింది.

యాప్ వరకు చూస్తే బానే చేశారు. తెలుగులో ఉంది, ఫోటోలకి తాళం వేసుకోవచ్చు, నంబరు దాచుకోవచ్చు, ఎవరు చూశారో తెలుస్తుంది. అమ్మానాన్నలు వాడేంత తేలికగా ఉంది. అసలు గొడవ ఫిల్టర్ల దగ్గర. మా పిన్ని కూతురికి కూడా సంబంధాలు చూస్తున్నారు, దానిని అడిగి దాని పేరు మీద ఒక ఫ్రీ ప్రొఫైల్ పెట్టాం. అలా అమ్మాయి వైపు నుంచి యాప్ ఎలా కనిపిస్తుందో చూడగలిగాను. ఎంటెక్ చదివి బెంగళూరులో ఉద్యోగం చేస్తోందని కొట్టగానే యాప్ తనంతట తానే "మీకు తగినవి" అని కొన్ని షరతులు పెట్టేసింది: బీటెక్ లేదా ఆపైన, జీతం ఇంతకి పైన, ఊరు హైదరాబాద్, బెంగళూరు, విదేశాలు. మనం ఏమీ నొక్కలేదు, అవి ముందే టిక్ అయి ఉన్నాయి. ఆ టిక్కులు అలాగే ఉంచి మా తమ్ముడి కులం, మా జిల్లా పెట్టి వెతికాను. మావాడు లేడు. డిప్లొమా దగ్గర ఒకసారి, ఊరి దగ్గర ఒకసారి, "బిజినెస్" అన్న గడి దగ్గర ఇంకోసారి రాలిపోయాడు. డబ్బు కట్టిన ప్రొఫైల్ అండీ అది.

ఇక మేనేజర్ అమ్మాయి. మర్యాదగా మాట్లాడుతుంది, చెప్పిన టైముకి ఫోన్ చేస్తుంది. రెండో కాల్లోనే అడిగింది: "మేడమ్, సర్‌కి సిటీకి షిఫ్ట్ అయ్యే ఆలోచన ఉందా?" లేదమ్మా, షాపు అక్కడుంది, తోట అక్కడుంది, రైతులు అక్కడున్నారు అన్నాను. కాసేపు ఆగి, "పోనీ ప్రొఫైల్లో 'విల్లింగ్ టు రీలొకేట్' అని పెడదామా మేడమ్, రెస్పాన్స్ పెరుగుతుంది" అంది. ఒప్పుకోలేదు. కానీ ఆ అమ్మాయి మీద నాకు కోపం రాలేదు, ఎందుకంటే తను మోసం చేయమనడం లేదు, తన స్క్రీన్ మీద కనిపిస్తున్న నిజమే చెప్తోంది. తను ఫోన్ చేసిన ఇళ్ళల్లో సగానికి పైగా ఊరు పేరు వినగానే "జాతకం కుదరలేదండీ" అన్నారట. జాతకం పంపకముందే!

ఇక్కడికొచ్చాక నాకు ఒక అనుమానం పట్టుకుంది. ఇది మా తమ్ముడి సమస్యా, మా జిల్లా సమస్యా, లేక ఇంకా పెద్దదా? మిగతా దేశాల లెక్కలు తిరగేశాను. ఈ సేవ ఎంతవరకు పనికొస్తుందో చెప్పాలంటే అవి లేకుండా కుదరదు కాబట్టి కొంచెం ఓపిక పట్టండి.

జపాన్‌లో 1972లో దాదాపు 11 లక్షల పెళ్ళిళ్ళు జరిగాయి. 2023లో 4.75 లక్షల లోపు. 90 ఏళ్ళలో మొదటిసారి 5 లక్షల కిందికి పడింది. 2020 జనాభా లెక్కల ప్రకారం 50 ఏళ్ళ వయసుకి ఒక్కసారి కూడా పెళ్ళి కానివాళ్ళు మగవాళ్ళలో నూటికి 28, ఆడవాళ్ళలో 18 దాకా ఉన్నారు. అక్కడ పెళ్ళి సంబంధాల ఏజెన్సీలు, యాప్‌లు లేక కాదు, బోలెడున్నాయి. ఊళ్ళ మునిసిపాలిటీలు కూడా పరిచయ కార్యక్రమాలు పెడతాయి. టోక్యో మహానగర ప్రభుత్వమైతే 2024 సెప్టెంబరులో ఏకంగా సొంత యాప్ తెచ్చింది. రెండేళ్ళకి 11,000 యెన్లు, మన డబ్బుల్లో ఆరు వేల చిల్లర. పెళ్ళి కాలేదని సర్టిఫికెట్, ఆదాయానికి పన్ను కాగితం, ఒక ఇంటర్వ్యూ, పెళ్ళి కోసమే వస్తున్నానని ఒప్పుకోలు, ఇవన్నీ ఉంటేనే లోపలికి రానిస్తారు.

ఈ చివరి ముక్క చదివి నాకు కడుపు మండింది. మా ప్యాకేజీలో "వెరిఫైడ్" అని ఆకుపచ్చ టిక్ ఉన్న ఒక ప్రొఫైల్‌తో రెండు కుటుంబాలు మాట్లాడుకున్నాక, ఫోటోలు మార్చుకున్నాక, అమ్మాయికి ఇంతకుముందే పెళ్ళయిందనీ విడాకుల కేసు కోర్టులో ఉందనీ తెలిసింది. విడాకులు తప్పు కాదు, మాకు అభ్యంతరం కూడా ఉండేది కాదేమో, చెప్పి ఉంటే. ఆ టిక్‌కి అర్థం ఏంటమ్మా అని మేనేజర్‌ని అడిగితే "మొబైల్ నంబర్, ఐడీ ప్రూఫ్ వెరిఫై చేస్తాం మేడమ్" అంది. అంటే మనిషి ఉన్నారని తెలుస్తుంది, అంతే. పెళ్ళి అయిందా లేదా, జీతం నిజమా కాదా, ఇవేవీ చూడరు. మ్యాట్రిమోనీ వెబ్‌సైట్లు ఎలా నడవాలో చెబుతూ కేంద్ర ప్రభుత్వం 2016లోనే ఒక సలహా పత్రం ఇచ్చింది. అది సలహా, అంతకు మించి కాదు.

చైనా సంగతి ఇంకా విడ్డూరం. 2013లో 1 కోటి 34 లక్షల పెళ్ళిళ్ళు రిజిస్టర్ అయ్యాయి, 2024కి అవి 61 లక్షలు. ఒక్క 2024లోనే ముందటి ఏడాది మీద అయిదో వంతు తగ్గాయి. కారణాలు చాలా చెప్తారు: ఒకే బిడ్డ చట్టం వల్ల ఆ వయసు జనమే తక్కువ, అందులో ఆడపిల్లలు ఇంకా తక్కువ, అబ్బాయికి ఇల్లుండాలి, పల్లెల్లో అమ్మాయి వాళ్ళకి ఎదురు కట్నం భారీగా ఇవ్వాలి, పైగా ఉద్యోగాల బెంగ. వీటితో పాటు ఇంకోటి కూడా ఉంది, చదవగానే నవ్వొచ్చింది. 2024 వాళ్ళ పంచాంగం ప్రకారం "వితంతు సంవత్సరం" అట. వసంతం మొదలయ్యే రోజు ఆ చాంద్రమాన సంవత్సరంలో పడలేదు, అందుకని పెళ్ళికి మంచిది కాదని నమ్మేవాళ్ళు వాయిదా వేసుకున్నారు. మనకీ అదే ఏడాది వేసవిలో శుక్ర మూఢం, గురు మూఢం కలిసొచ్చి ఫంక్షన్ హాళ్ళు ఖాళీగా ఉన్నాయి కదా!

ఈ మాట వచ్చింది కాబట్టి యాప్‌లో జాతకం ఫీచర్ గురించి కూడా. నా లెక్కలో అది దండగ. ఒకే ఇద్దరి వివరాలు ఇస్తే ఈ యాప్ 36కి పద్దెనిమిదిన్నర ఇచ్చింది, మా పురోహితుడు గారి ఫోన్లో ఉన్న సాఫ్ట్‌వేర్ 24 ఇచ్చింది. కుజదోషం ఫిల్టర్ ఒకటి మళ్ళీ. అది నొక్కితే లిస్టు సగానికి పడిపోతుంది. ఇలాంటివి నమ్మేది మనమే అనుకోవద్దు, జపాన్‌లో 1966 "అగ్ని గుర్రం" సంవత్సరం, ఆ ఏడాది పుట్టిన ఆడపిల్ల మొగుణ్ణి మింగుతుందని నమ్మకం, దాంతో ఆ ఒక్క ఏడాదే పుట్టిన పిల్లల సంఖ్య పాతిక శాతం పడిపోయింది. 2026 మళ్ళీ అదే సంవత్సరం.

దక్షిణ కొరియా మాత్రం ఈ మధ్య కొంచెం తేరుకుంది. 2023లో 1.94 లక్షల పెళ్ళిళ్ళు, 2024లో 2.22 లక్షలు, దాదాపు 15 శాతం పెరుగుదల. కోవిడ్‌లో ఆగిపోయినవి కొన్ని, 1990ల మొదట్లో పుట్టిన పెద్ద బ్యాచ్ ముప్ఫైలలోకి రావడం ఒకటి, కొత్త దంపతులకి ఇంటి లోన్లలో ఇచ్చిన వెసులుబాట్లు ఒకటి. ఏదో కొత్త యాప్ వచ్చి పెంచిందని ఎవరూ అనలేదు.

ఇక స్వీడన్ కథ నాకు భలే నచ్చింది. 1988లో అక్కడ 44 వేల పెళ్ళిళ్ళు. 1989లో దాదాపు 1 లక్షా 9 వేలు. ప్రేమ ఒక్కసారిగా పొంగిందా? కాదు, 1990 జనవరి నుంచి వితంతు పెన్షన్ తీసేస్తున్నామన్నారు, అంతకుముందే పెళ్ళయి ఉంటే హక్కు ఉంటుంది, దాంతో ఏళ్ళ తరబడి కలిసుంటున్న జంటలన్నీ డిసెంబరులో ఆఫీసుల ముందు బారులు తీరాయి. కాబట్టి ఏ దేశంలోనైనా "వెయ్యి మందికి ఇన్ని పెళ్ళిళ్ళు" అన్న అంకె చూసి సంస్కృతి చెడిందనో బాగుపడిందనో తేల్చేయడం తొందరపాటు. యూరోపియన్ యూనియన్ దేశాల్లో 1964లో వెయ్యి మందికి 8 పెళ్ళిళ్ళు ఉండేవి, ఇప్పుడు 4 దగ్గర ఉన్నాయి. కానీ స్వీడన్‌లో సగానికి పైగా పిల్లలు, ఫ్రాన్స్‌లో నూటికి 60 మంది దాకా, పెళ్ళి చేసుకోని తల్లిదండ్రులకే పుడుతున్నారు. అక్కడ పెళ్ళి తగ్గిందంటే కుటుంబం తగ్గిందని కాదు. జపాన్, కొరియాల్లో అలా కాదు. జపాన్‌లో పెళ్ళి బయట పుట్టే పిల్లలు నూటికి ఇద్దరు ముగ్గురే. అంటే అక్కడ పెళ్ళి ఆగితే అన్నీ ఆగినట్టే.

మనం ఏ వైపు? చెప్పక్కర్లేదు, జపాన్ వైపే. సంతానోత్పత్తి రేటు 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్‌కి 1.7, తెలంగాణకి 1.8. జనాభా నిలబడాలంటే 2.1 ఉండాలి. ఇద్దరి కంటే ఎక్కువ పిల్లలుంటే స్థానిక ఎన్నికల్లో పోటీ చేయకూడదన్న నిబంధనని ఆంధ్రప్రదేశ్ 2024 నవంబరులో ఎత్తేసింది, ఎక్కువ మందిని కనమని ముఖ్యమంత్రి గారే చెప్తున్నారు. ముందు పెళ్ళి కుదిరితే కదా సార్!

ఇంకో విషయం. అన్ని దేశాల పట్టికల్లో వెతికినా మన దేశానికి ఆ వెయ్యికి ఇన్ని అన్న అంకె సరిగ్గా దొరకదు. పెళ్ళిళ్ళన్నీ రిజిస్టర్ కావు కాబట్టి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2002లోనే తప్పనిసరి రిజిస్ట్రేషన్ చట్టం వచ్చింది, 2006లో సుప్రీంకోర్టు దేశమంతా చేయమంది, అయినా మనవాళ్ళు సర్టిఫికెట్ కోసం పరిగెత్తేది వీసాకి కావాల్సి వచ్చినప్పుడే. దొరికిన లెక్కల్లో నన్ను ఆపేసింది మాత్రం ఒకటుంది. ఆ 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వేలోనే ఆంధ్రప్రదేశ్‌లో 20 నుంచి 24 ఏళ్ళ ఆడవాళ్ళలో నూటికి 29 మందికి 18 నిండకముందే పెళ్ళయిపోయింది. ఒకే రాష్ట్రం. ఒక ఇంట్లో ఇంటర్ పిల్లకి పెళ్ళి చేసేస్తున్నారు, పక్క వీధిలో 33 ఏళ్ళ వాడికి పిల్ల దొరకడం లేదు. యాప్‌లో మొదటి రకం వాళ్ళు కనిపించరు, అందుకే యాప్ చూస్తే అందరూ బీటెక్‌లే అన్నట్టు ఉంటుంది.

పల్లెల్లో ఉండే అబ్బాయిల బాధ మనదొక్కటే కాదు. 2022 డిసెంబరులో మహారాష్ట్ర సోలాపూర్‌లో కుర్రాళ్ళు పెళ్ళికొడుకు వేషంలో గుర్రాలెక్కి కలెక్టరేట్‌కి ఊరేగింపుగా వెళ్ళారు, మాకు పిల్లని చూడండని. 2023 ఫిబ్రవరిలో కర్ణాటక మండ్య వైపు నుంచి పెళ్ళికాని రైతు కుర్రాళ్ళు మలె మహదేశ్వర కొండకి పాదయాత్ర చేశారు. టీవీ వాళ్ళు నవ్వులాటగా చూపించారు గానీ, నాకు నవ్వు రాలేదు.

అయితే అమ్మాయిల వాళ్ళని తిట్టే కామెంట్లు నా దగ్గర వద్దు. నా పెళ్ళప్పుడు మా నాన్న పెట్టిన మొదటి షరతు "పల్లెటూరు వద్దు". నా కూతురికి చూసే రోజు వస్తే నేనేం వెతుకుతానో నాకు తెలుసు. ఎంటెక్ చదివిన పిల్ల తణుకు పక్క ఊరొచ్చి ఏం ఉద్యోగం చేయాలి? మా పిన్ని కూతురు చాలా మామూలుగా అంది, "అక్కా, అన్నయ్య మంచోడే, కానీ అలాంటి ఊరికి కోడలిగా వెళ్తే నేను పొద్దున్న లేచి ఏం చేయాలి?" నా దగ్గర జవాబు లేదు, అత్తగారి దగ్గర కూడా ఉండదు. ఊళ్ళలో ఆడవాళ్ళకి పని, బస్సు, సాయంత్రం ఒంటరిగా నడవగలిగే రోడ్డు లేనంత కాలం ఏ మేనేజర్ ఎన్ని ఫోన్లు చేసినా ఆ టిక్కులు అక్కడే ఉంటాయి.

మరి ఈ సేవ పనికిరాదా? అదీ కాదు. హైదరాబాదులో ఉద్యోగం చేసుకుంటూ, బంధువులు తక్కువగా ఉండి, ఊరు, చదువు, జీతం లిస్టుకి సరిపోయే వాళ్ళకి ఇది నిజంగా టైం ఆదా చేస్తుంది. మా ఆడపడుచు కొడుక్కి మామూలు మెంబర్‌షిప్‌తోనే కుదిరింది. రెండో పెళ్ళి వాళ్ళకి కూడా చుట్టాల గుసగుసల కంటే ఇదే నయం. విదేశాల వాళ్ళకి విడిగా ఖరీదైన ప్యాకేజీ ఉంది, నేను వాడలేదు. 2025 సెప్టెంబరులో హెచ్-1బీ మీద లక్ష డాలర్ల ఫీజు అన్నప్పటి నుంచి మాత్రం ఆ విభాగంలో జీతం కంటే ముందు వీసా ఏంటని అడుగుతున్నారట, మేనేజరే చెప్పింది. మా తమ్ముడి లాంటి వాళ్ళకైతే అసిస్టెడ్ ప్యాకేజీ వద్దు. వీళ్ళు పంపినవాటిలో ఒకటి రెండు పెళ్ళిచూపుల దాకా వచ్చాయి, అవీ అక్కడే ఆగాయి. ఇప్పుడు కాస్త ముందుకెళ్తున్న సంబంధం రాగి తీగ సప్లై చేసే డీలరు ద్వారా వచ్చింది. అమ్మాయి నర్సింగ్ చేసింది, తణుకులోనే ఆసుపత్రిలో ఉద్యోగం. ఈ అమ్మాయి ఏ యాప్‌లోనూ లేదు.

గడువు అయిపోయే ముందు రోజు నుంచి రెన్యువల్ కాల్స్ మొదలయ్యాయి, నలభై శాతం తగ్గింపు అట. మరి మొదట్లోనే తగ్గించొచ్చుగా! డబ్బు వెనక్కి అడిగితే "నాన్ రిఫండబుల్" అన్నారు. ఆ మాటకి అంత భయపడక్కర్లేదు. 2024లో బెంగళూరులో ఒక తండ్రి కొడుక్కి సంబంధం చూపిస్తామని 30 వేలు తీసుకుని చూపించలేదని వినియోగదారుల కమిషన్‌కి వెళ్తే, కట్టిన డబ్బు, పరిహారం, ఖర్చులు కలిపి 60 వేలు ఇవ్వమని ఆర్డరు వచ్చింది. అలా వెళ్ళాల్సి వస్తే చేతిలో రాతపూర్వకంగా ఆధారం ఉండటం మంచిది. కాబట్టి కట్టాలనే అనుకుంటే, నెలకి ఎన్ని ప్రొఫైళ్ళు పంపుతారో, అందులో అవతలివాళ్ళు ఒప్పుకున్నవి ఎన్నో, "వెరిఫైడ్" అంటే ఏమేం చూస్తారో వాట్సాప్‌లో మెసేజీగా పెట్టమనండి. ఫోన్లో చెప్తాం మేడమ్ అంటే కట్టకండి.